వైన్ దొరకని వైన్ షాపులు

2023 నవంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల ప్రచారం చూస్తూ నల్లగొండ జిల్లాలో తిరుగుతున్నప్పుడు, ఒక సాయంత్రం రహదారి పక్కన కారు ఆపించాను. ఎదురుగా వరుసగా మూడు దుకాణాలు. మూడింటి బోర్డుల మీదా ఒక్కొక్క దేవుడి పేరు, ఆ పేరు పక్కన 'వైన్స్' అన్న మాట. ఇనుప జాలీ వెనుక కూర్చున్న యువకుణ్ణి ఒక సీసా వైన్ ఇమ్మని అడిగాను.

"వైన్ అంటే? ఏం బ్రాండ్ సార్?"

"బ్రాండ్ ఏదైనా ఫరవాలేదు. ద్రాక్షపండ్లతో చేసేది."

"గది ఇక్కడ నడవది సార్. ఎవలు తాగుతరు?" అంటూనే, పై అరలో ట్యూబులైటు పక్కన దుమ్ముపట్టి నిలబడి ఉన్న ఒక్క సీసాను చూపించాడు. ఎన్ని వేసవులు ఆ వేడిలో గడిపిందో, లోపలి రసం ఎప్పుడో పాడైపోయి ఉంటుంది. తీసుకోకుండా వచ్చేశాను.

తెలుగువాళ్లు బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే కొట్టును దశాబ్దాలుగా వైన్ షాపు అంటున్నారు. అక్కడ దొరకని ఒకే ఒక వస్తువు వైన్. ఇది భాషలో దొర్లిన చిన్న వింతలా కనిపిస్తుంది. మద్యం విషయంలో మన రాజ్యం ఆడుతున్న ఒక పెద్ద అబద్ధానికి ఇది సంక్షిప్త రూపమని నా అభిప్రాయం. రాజకీయాలు రాసే వ్యక్తి ఈ వారం వైన్ గురించి ఎందుకు రాస్తున్నాడని పాఠకులకు సందేహం కలగవచ్చు. క్రికెట్, ప్రయాణం, వైన్ ఈ మూడూ నాకు సెలవు రోజుల వ్యసనాలు. అయితే ఈ దేశంలో సెలవు తీసుకున్నా రాజకీయం వెంటే వస్తుంది.

మన భాషకు ద్రాక్ష కొత్తది కాదు. కవిత్వాన్ని రుచితో కొలిచిన అలంకారికులు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మెట్లు కట్టారు. నోట్లో వేసుకోగానే రసం అందించేది ద్రాక్షాపాకం. ఆయుర్వేద వైద్యుల అలమారాలో ద్రాక్షారిష్టం ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల తోటల్లో పండిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు ఒకప్పుడు దేశమంతటా పేరుండేది. ఆ తోటల్లో చాలా భాగం ఇప్పుడు ప్లాట్లుగా, అపార్టుమెంట్లుగా మారింది.

ఇంకా వెనక్కి వెళితే కౌటిల్యుడు కనిపిస్తాడు. అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుడి విధులు చెబుతూ, ద్రాక్షరసంతో తయారైన మధువును అది పుట్టిన ప్రదేశాన్ని బట్టి కాపిశాయనం, హారహూరకం అని పిలుస్తారని ఆయన నమోదు చేశాడు. కాపిశ అంటే నేటి అఫ్ఘానిస్తాన్‌లోని ప్రాంతం. ఫ్రాన్సువారు తమ నేల పేరునే సీసా మీద ముద్రించి గర్వపడటానికి ఎన్నో శతాబ్దాల ముందే మన రాజ్యనీతి గ్రంథంలో రుచికి ఊరి పేరు ఉంది. అదే అధ్యాయంలో పానశాలల్లో ఆసనాలు, పూలు, సుగంధాలు, నీరు ఉండాలనీ, వచ్చిపోయేవారిని గూఢచారులు గమనించాలనీ కూడా ఉంది. ఆదాయం, నిఘా రెండింటినీ మన ప్రభుత్వాలు వారసత్వంగా స్వీకరించాయి. ఆసనాన్ని, పూలను, రుచిని మాత్రం వదిలేశాయి.

రుచి చూడటం అంటే ఏమిటో నేను నేర్చుకున్నది ఆలస్యంగా, నాశిక్‌లో. మన గోదావరి పుట్టే జిల్లా అది. ఉల్లి ధరల మీద రైతుల ఆందోళనలు రాయడానికి వెళ్లి, ఒక మధ్యాహ్నం ద్రాక్షతోటలో ఆగాను. ఐరోపాలో ద్రాక్ష కోత శరదృతువులో. ఇక్కడ మాత్రం వర్షాకాలం ముగిశాక తీగను కత్తిరిస్తారు. శీతకాలపు పగటి ఎండలో, రాత్రి చలిలో గుత్తి పండి, జనవరి నుంచి మార్చి లోపు కోతకు వస్తుంది. ఒక ఉష్ణదేశపు రైతు తన వాతావరణంతో కుదుర్చుకున్న ఒప్పందం ఇది. 1990వ దశకంలో అమెరికా ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ నాటిన తోట నుంచి 2000లో సులా తొలి వైన్ వచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రక్రియ పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించింది. ఇవాళ దేశంలో వైన్ అనగానే గుర్తొచ్చే ఊరు నాశిక్.

ఆ తోటలో నాకు నేర్పిన క్రమం చాలా సరళం. గ్లాసును వెలుతురుకు ఎత్తి రంగు చూడాలి. మెల్లగా తిప్పి వాసన పట్టాలి. చిన్న గుక్క తీసుకుని నోరంతా తడపాలి. ఆ తర్వాత పక్కనున్న పాత్రలో ఉమ్మేయాలి. ఆ చివరి మెట్టు దగ్గర నేను తెల్లబోయాను. డబ్బిచ్చి కొన్నదాన్ని ఉమ్మేయడమేమిటి? ఎనిమిది రకాలు వరుసగా రుచి చూడవలసి ఉన్నప్పుడు మింగితే నాలుగోదానికే నాలుక మొద్దుబారుతుందని చెప్పారు. రుచి కావాలంటే మత్తును వదులుకోవాలి. నాలుగు దశాబ్దాల నా జీవితంలో మద్యం గురించి ఎవరూ ఆ మాట చెప్పలేదు. చెప్పినవాళ్లు రెండే రకాలు: తాగమన్నవాళ్లు, తాగవద్దన్నవాళ్లు.

2022 జనవరిలో ఇదే నాశిక్ ద్రాక్ష రాష్ట్ర రాజకీయాల్లోకి దిగింది. వెయ్యి చదరపు అడుగులకు మించిన సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మేందుకు నాటి మహా వికాస్ అఘాడీ మంత్రివర్గం అనుమతించింది. మహారాష్ట్రను మద్యరాష్ట్రగా మారుస్తున్నారని బీజేపీ విరుచుకుపడింది. అన్నా హజారే నిరాహార దీక్షకు దిగుతానన్నారు. వైన్ అసలు మద్యమే కాదని శివసేన నాయకుడు సంజయ్ రౌత్ వాదించారు. ఇరువైపులా రైతు పేరు మారుమోగింది. కొన్ని నెలలకు ప్రభుత్వమే పడిపోయింది.

రౌత్ మాట తప్పు. వైన్ మద్యమే. అందులో సుమారు 12 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది. మన విస్కీలో 42.8 శాతం. తేడా ఉంది, కానీ అది తీవ్రతలో తేడా మాత్రమే. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా ప్రకటించింది. వైన్‌ను ప్రేమించే నాబోటివాడు ఆ వాస్తవాన్ని ముందుగా ఒప్పుకుని తర్వాత మాట్లాడాలి.

2024 డిసెంబరులో భారత్, ఆస్ట్రేలియాల గులాబీ బంతి టెస్టు చూడటానికి అడిలైడ్ వెళ్లాను. 2020లో అదే మైదానంలో మనవాళ్లు 36 పరుగులకు కుప్పకూలిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఈసారి ఐదు రోజులకూ టిక్కెట్లు కొన్నాను. 6వ తేదీన మొదలైన ఆట 8వ తేదీకే ముగిసింది. స్టార్క్ తొలి ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు, ట్రావిస్ హెడ్ 140 కొట్టాడు, ఆస్ట్రేలియా పది వికెట్ల తేడాతో గెలిచింది. నాకు మిగిలిన ఓదార్పు విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి. రెండు ఇన్నింగ్స్‌లోనూ 42 చొప్పున చేసి, రెండింటిలోనూ మన జట్టులో అత్యధిక స్కోరు తనదే అనిపించుకున్నాడు. ఆ రోజు స్టాండ్లలో తెలుగు కేకలు గట్టిగానే వినిపించాయి.

మిగిలిపోయిన రెండు రోజుల్లో గంటకు పైగా ప్రయాణ దూరంలోని బరోసా లోయకు వెళ్లాను. ఆ లోయ చరిత్ర మొదలయ్యేదే మత వివాదంతో. ప్రష్యా రాజు తమ మీద రుద్దిన ఆరాధనా పద్ధతిని అంగీకరించలేక సముద్రాలు దాటిన లూథరన్ కుటుంబాలు 1840వ దశకంలో ఇక్కడ స్థిరపడి ద్రాక్ష నాటాయి. పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో ఫిలోక్సెరా అనే పురుగు ఐరోపా తోటలను తుడిచిపెట్టింది. అది దక్షిణ ఆస్ట్రేలియాకు చేరలేదు. అందువల్ల 1843లో నాటినవని చెప్పే షిరాజ్ తీగలు అక్కడ ఇప్పటికీ కాపు కాస్తున్నాయి. తమ నేలలో బతకలేకపోయినవాళ్లు నాటినది నూట ఎనభై ఏళ్లుగా బతుకుతోంది.

అడిలైడ్ శివారు మ్యాగిల్‌లో మరో కథ ఉంది. పెన్‌ఫోల్డ్స్ సంస్థలో మ్యాక్స్ షూబర్ట్ అనే నిపుణుడు 1951లో 'గ్రాంజ్' అనే వైన్ తయారుచేశాడు. రుచి చూసినవారు మెచ్చలేదు. 1957లో యాజమాన్యం ఆపేయమంది. ఆయన రహస్యంగా మూడేళ్లు తయారుచేస్తూనే ఉన్నాడు. ఆ తొలి సీసాలు నేలమాళిగలో పరిపక్వమయ్యాక అదే యాజమాన్యం 1960లో మళ్లీ మొదలుపెట్టమంది. నేడు అది ఆస్ట్రేలియాలో అత్యంత ప్రసిద్ధమైన వైన్. ఐదేళ్లకు మించి ఆలోచించలేని మన ప్రణాళికాకర్తలు ఒక్కసారి చదవదగిన కథ.

ఆ లోయకూ అంతర్జాతీయ రాజకీయం తప్పలేదు. కోవిడ్ మూలాల మీద విచారణ జరగాలని 2020లో ఆస్ట్రేలియా కోరింది. ఆ ఏడాది చివరికే చైనా ఆస్ట్రేలియా వైన్ మీద సుంకాలు మొదలుపెట్టి, 2021 నాటికి 218 శాతం దాకా పెంచింది. 2024 మార్చిలో ఎత్తివేసేదాకా బరోసా రైతు తన ప్రధాన మార్కెట్టును పోగొట్టుకుని కూర్చున్నాడు. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. మన 150 శాతం సుంకం, సీసా కనీస ధర ఐదు డాలర్లు ఉన్న వైన్ మీద వెంటనే 100 శాతానికి, పదిహేను డాలర్లు దాటినదాని మీద 75 శాతానికి తగ్గింది. పదేళ్లలో అవి 50, 25 శాతాలకు దిగాలి. ఢిల్లీలో సంతకమైన ఈ అంకెలు నాశిక్ రైతు గుండెల్లో మోగుతాయి. కానీ సీసా దేశంలోకి దిగాక దాని భవిష్యత్తు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. మానవ వినియోగ మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. ప్రతి రాష్ట్రానికీ తన ఎక్సైజ్, తన లేబుల్ రుసుము, తన నిషేధం.

బరోసాలో నేను ఆగిన ఒక చిన్న రుచిశాలలో కౌంటరు వెనుక ఉన్న అమ్మాయి నా పేరు వినగానే తెలుగులోకి మారింది. ప్రకాశం జిల్లా. చదువుకుంటూ వారాంతాల్లో అక్కడ పని. షిరాజ్‌లోని మిరియాల వాసనను మా అమ్మమ్మ చారుతో పోల్చి చెప్పింది. అంత చక్కగా ఎవరూ చెప్పలేదు. ఇంట్లో తెలుసా అని అడిగాను.

"లేదంకుల్. కేఫేలో పని అని చెప్పాను. వైన్ షాపులో చేస్తున్నానంటే మా నాన్న ఏమైపోతారో. మా ఊళ్లో బడికి వెళ్లే దారిలో వైన్ షాపు ఉండేది. అక్కడికొచ్చేసరికి మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని తల దించుకోమనేది."

ఆ తల్లిని నేను తప్పుపట్టలేను. 1992లో నేను కొత్తగా విలేకరి అయిన రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని దగ్గరగా చూశాను. అక్షరదీక్ష తరగతుల్లో చదవడం నేర్చుకున్న కూలి స్త్రీలు, వర్ధినేని రోశమ్మ వంటివారు, సారా పాటదారుల ముఠాలను ఊళ్ల నుంచి తరిమారు. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వ సంపూర్ణ నిషేధం, 1997లో ఖజానా ఖాళీ అయిందన్న కారణంతో సడలింపు. అంటే ఆ స్త్రీల పోరాటం తెచ్చిన సంపూర్ణ నిషేధం రెండేళ్లు నిలిచింది. వాళ్ల పోరాటం ఎవరి రుచి మీదా కాదు. పగటి కూలి సాయంత్రానికి పాటదారు జేబులో చేరే ఏర్పాటు మీద.

ఆ ఏర్పాటు నేటికీ ఉంది. పాటదారు స్థానంలోకి ప్రభుత్వం వచ్చింది. నేను నల్లగొండలో ఆగిన దుకాణాల వెనుక లెక్క చూడండి. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 దుకాణాలకు 1.3 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పటి దరఖాస్తు రుసుము 2 లక్షలు, అది తిరిగి రాదు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలకు పైగా చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు ఇచ్చి, 99 రూపాయలకు క్వార్టర్ అందిస్తామన్న హామీని కొత్త ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. పార్టీలు మారినా సాయంత్రం జాలీ ముందు వరుస మారలేదు. భర్త చేతి నుంచి జాలీ గుండా తీసుకున్న సొమ్ములో కొంత భార్య ఖాతాలో సంక్షేమంగా వేసి, ఆమె ఓటు అడిగే రాజ్యం ఇది.

రాజ్యాంగం 47వ అధికరణం మద్య నిషేధానికి కృషి చేయమంటుంది. ఆ అధికరణానికి గాంధీ పేరు తోడు. గాంధీ పుట్టిన గుజరాత్‌లో నిషేధం ఉంది. కానీ 2023 డిసెంబరులో గిఫ్ట్ సిటీలోని ఉద్యోగులకు, అతిథులకు సడలింపు ఇచ్చారు. ఆర్థిక కేంద్రంలో పనిచేసేవారి సంయమనాన్ని నమ్మిన ప్రభుత్వం సూరత్ నేతకార్మికుడి సంయమనాన్ని నమ్మదు. కఠిన నిషేధం ఉన్న బిహార్‌లో కల్తీ సారా మరణాలు ఆగలేదు. మరోవైపు, నిషేధం మధ్యనే తన కొండ రైతుల ద్రాక్ష వైన్‌కు చోటిచ్చిన మిజోరాం ఉంది. చంఫాయ్ ప్రాంతపు 'జావ్‌లైదీ' అలా పుట్టిందే. ఆ చిన్న రాష్ట్రం కనీసం ప్రశ్నను సరిగా అడిగింది: ఏ మద్యం, ఎవరు పండించింది, ఎంత తీవ్రమైనది?

మన ఆటల్లోనూ ఇదే కపటం. మద్యం ప్రకటనలు నిషిద్ధం. కాబట్టి విస్కీ కంపెనీలు సోడాగా, సంగీతం సీడీలుగా మారువేషంలో తెర మీదకు వస్తాయి. ఒక ఐపీఎల్ జట్టు పేరే విస్కీ పేరును గుర్తుచేస్తుంది. ఆ జట్టు గెలిస్తే పదేళ్ల పిల్లవాడు కూడా ఆ పేరే కేక వేస్తాడు. ఇంకోచోట ఆటగాళ్లు ఏం చేశారో చూడండి. దక్షిణాఫ్రికా బ్యాటరు హషీమ్ ఆమ్లా తన చొక్కా మీద బీరు కంపెనీ గుర్తు వేసుకోలేదు. బోర్డు ఒప్పుకుంది. 2022 జనవరిలో హోబర్ట్‌లో యాషెస్ గెలిచాక వేదిక మీద షాంపేన్ చిమ్మే సంబరం మొదలైంది. ముస్లిం అయిన ఉస్మాన్ ఖవాజా పక్కకు తప్పుకున్నాడు. అది గమనించిన కెప్టెన్ ప్యాట్ కమిన్స్ సీసాలు దించమని సహచరులకు సైగ చేసి, ఖవాజాను పిలిచి నడుమ నిలబెట్టాడు. షాంపేన్ మీద ఎంత ప్రేమ ఉన్నా నేను ఆ దించిన సీసాల పక్షమే. వైన్ సంస్కృతి అనేది ఏదైనా ఉంటే, సీసా ఎప్పుడు దించాలో తెలియడమే దాని మొదటి పాఠం.

నేను కోరుతున్నది గ్రామానికో వైన్ దుకాణం కాదు. మూడు మాటలు. ఒకటి, మద్యం మీద పన్ను అందులోని ఆల్కహాల్ తీవ్రతను బట్టి ఉండాలి. ఖజానాకు ఏది ఎక్కువ తెస్తుందో దాన్ని బట్టి కాదు. రెండు, మద్యం రాబడిని సంక్షేమానికి పునాదిగా చూపించడం ఆపి, ఏటేటా ఆ ఆధారపడటం ఎంత తగ్గిందో బడ్జెట్లో చెప్పాలి. మూడు, తన తోటలో పండిన ద్రాక్షను తన కొట్టులో వైన్‌గా అమ్ముకునే చిన్న రైతుకు పెద్ద డిస్టిలరీకి పెట్టే నిబంధనలు పెట్టకూడదు. ఈ మూడూ జరిగితే రాష్ట్రాల ఆదాయం కొంత పడిపోతుంది. 1997లో చెప్పిన ఖాళీ ఖజానా కథ మళ్లీ వినిపిస్తుంది. దూబగుంట స్త్రీలు అప్పుడు అడగని ప్రశ్న ఒకటి ఇప్పుడు మనం అడగాలి: మా ఇళ్లు ఖాళీ చేయకుండా ఖజానా నింపడం మీకు చేతకాదా?

ఆ ప్రకాశం జిల్లా అమ్మాయి నాకు చివరిగా ఒక పాత షిరాజ్ పోసి, ఉమ్మేసే పాత్రను నా వైపు జరిపింది. "ఇది మాత్రం మింగండంకుల్, చాలా ఖరీదైంది" అని నవ్వింది. మింగాను. ఆ రుచి నిజంగానే చాలాసేపు నిలిచింది. కానీ నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఆమె ఇంటికి చెప్పిన అబద్ధం. తన కూతురు రుచులను, నేలలను, ఋతువులను చదివే గౌరవమైన వృత్తిలో ఉందని ఆ తండ్రికి చెప్పడానికి మన భాషలో మాట లేకుండా పోయింది. ఉన్న ఒక్క మాటనూ ఇనుప జాలీ మీద బోర్డుగా వేలాడదీశాం.